తుడిచేసిన చెయ్యి

"మీ నాన్న తాగుతడా?"

నేనడిగిన మొదటి ప్రశ్నకే ఏంజెల్ ముఖం మాడిపోయింది. తండ్రి తెలివి లేకుండా ఖమ్మం దవాఖానాలో పడి ఉంటే, సాయం చేస్తుందని వెంటబెట్టుకొచ్చిన మనిషి ఇలా అడిగితే ఏ కూతురికైనా కష్టంగానే ఉంటుంది. కానీ నేను పదిహేనేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి, హెడ్ కానిస్టేబుల్‌గా రాజీనామా ఇచ్చి, ఆరేళ్ళుగా ప్రైవేటు ఎంక్వయిరీల మీద బతుకుతున్నదాన్ని. నొప్పి పుట్టించే ప్రశ్న ముందే అడిగేస్తే తర్వాతవి తేలికవుతాయని నా అనుభవం.

"పండగకు తాగుతడు వనజాంటీ," అంది చివరికి. "బొమ్మ ముందట కూసున్న దినం మాత్రం చాయ్ కూడా ముట్టడు. చెయ్యి వణుకుతదని."

"మంచిది. ఆ మాట గుర్తుపెట్టుకో. మనకు అక్కరకొస్తది."

మేం నిలబడింది చండ్రుగొండలో జోజి ఆర్ట్స్ ముందు. కింద కిషన్‌లాల్ టైలర్ షాపు, పైన ఏంజెల్ తండ్రి జోజి బొమ్మలు వేసే గది, మధ్యలో నిటారుగా పదమూడు చెక్కమెట్లు. డిసెంబరు నెల కాబట్టి పైన కిటికీకి క్రిస్మస్ నక్షత్రం సగం అతికించి ఉంది. పాత ఫొటో ఇస్తే పెద్ద రంగుల బొమ్మ వేసివ్వడం జోజి వృత్తి. ఈ చుట్టుపక్కల ఏ ఇంటి గోడ చూసినా చనిపోయిన పెద్దలు అతడి చేతిమీదుగానే నవ్వుతుంటారు.

గురువారం సాయంత్రం ఐదూ నలభైకి ఆ మెట్ల కింద జోజి పడి ఉండడం కిషన్‌లాల్ చూశాడు. తల వెనక పెద్ద గాయం. ఇవాళ శనివారం. ఇంకా కళ్ళు తెరవలేదు.

నిన్న సాయంత్రం పోలీసులు రూప్‌సింగ్‌ను పట్టుకున్నారు. ఫ్రేములు చేసే వడ్రంగి, పక్క తండా మనిషి. గురువారం మూడున్నరకు ఫ్రేము తెచ్చాడు, కొలత తప్పిందని జోజి తిట్టాడు, ఇతడూ తిరిగి తిట్టాడు, నాలుగింటికి దిగి వెళ్ళిపోయాడు. పోతూపోతూ 'నీ చెయ్యి ఇరగ్గొడత' అన్న మాట కిషన్‌లాల్ చెవిన పడింది. పోలీసులకు అంతకన్నా ఏం కావాలి? ఈ సాయంత్రం నాలుగింటికి అతడిని మెజిస్ట్రేటు దగ్గరికి తీసుకెళ్తారు. కాగితం మీద హత్యాయత్నం అని ఒక్కసారి పడిందంటే, ముగ్గురు పిల్లల తండ్రి, జామీను ఇచ్చే దిక్కులేనివాడు, ఎన్ని నెలలు లోపల ఉంటాడో ఎవరూ చెప్పలేరు.

"రూప్‌సింగ్ మామ చేసిండంటే నేను సచ్చినా నమ్మ," అంది ఏంజెల్. "వాళ్ళిద్దరు రోజూ తిట్టుకుంటరు. మా అమ్మ పోయిన దినం శవపెట్టె ఆయనే చేసిండు. చేసుకుంట ఏడ్చిండు."

నా గడియారంలో పదీ ఇరవై. ఐదు గంటల నలభై నిమిషాలు ఉన్నాయి. మెట్లెక్కాను.

గది నడుమ స్టాండు మీద నాలుగడుగుల క్యాన్వాసు. కుర్చీలో తండ్రి, పక్కన నిలబడ్డ తల్లి, ఇద్దరి మధ్య నాలుగేళ్ళ పిల్లవాడు. బట్టలకు, చేతులకు రంగులు పడ్డాయి. ముఖాలు కూడా దాదాపు అయ్యాయి గానీ ముగ్గురికీ కళ్ళు లేవు. పోలీసు ఉద్యోగంలో శవాలను చాలా చూశాను. అయినా ఆ మూడు ముఖాల ముందు నుంచి ఒక అడుగు వెనక్కి వేశాను.

"కళ్ళు ఆఖరికి పెడతడు నాన్న," అంది ఏంజెల్. "కళ్ళు పెట్టినంక బొమ్మ మనల్ని చూస్తదట. అప్పుడు తప్పు దిద్దబుద్ధి కాదంటడు. దిద్దేటివి ఏమున్నా ముందే దిద్దుకోవాలె."

"ఇది ఎవరి బొమ్మ?"

"ఇప్పలగుంపు బొజ్జయ్యన్నది. ఆ నడుమ పిలగాడు ఆయనే. ఎనభై ఆరు గోదారి వరదల కొట్టుకపోయిండట, మూడేండ్ల కింద తిరిగొచ్చిండు. మీరు వినలేదా? చేతికి చిటికెన వేలు సగమే ఉంటది. ఫొటోల పిలగానికీ అంతే. ఊరి పెద్దమనుషులు ఫొటో పక్కన చెయ్యి పెట్టి చూసి, ఆ బొమ్మల తల్లి నాగక్క కొడుకేనని ఒప్పుకున్నరు. మాఘమాసంల ఆయన పెండ్లి. సచ్చిపోయిన నాయినతోటి కలిసి ఉన్న బొమ్మ కొత్తింట్ల పెట్టుకుంటనని ఆయనే ఇచ్చిండు."

"ఆ ఫొటో ఏది?"

"అదే కనవడ్తలేదు ఆంటీ. ఇల్లంత ఎతికిన."

అప్పుడు మెట్లమీద బూట్ల చప్పుడు వినిపించింది. ఎవరో చూడకుండానే తెలిసింది. ఎస్సై చిరంజీవి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో పంచనామా రాయడం నా దగ్గరే నేర్చుకున్నాడు. 'మృతదేహము' అన్న మాటను ఏడుసార్లు తప్పు రాసి ఏడుసార్లు దిద్దించుకున్నాడు. ఆ సంగతి నేను మరిచిపోయినా అతడు మరిచిపోలేదు.

"ఓహో, వనజక్కా! పెండ్లి సంబంధాల ఎంక్వయిరీలు తక్కువైనయా?"

"పెండ్లికొడుకులు దొంగలైతున్నరు తమ్మీ. అందుకే ఇటు వచ్చిన. నీ కేసు సంగతేంది?"

"కేసా? అయిపోయింది." టోపీ తీసి బల్లమీద పెట్టాడు. "జోజి తాగిండు. తాగి బొమ్మ తిరగేసి గీసిండు. రూప్‌సింగ్ చూసి నవ్విండు. మాటమాట పెరిగింది. మెట్ల మీదికెల్లి తోసిండు."

"తిరగేసి గీసిండా?"

చేతిలోని ఫైలులోంచి ఒక కాగితం తీసి నా ముఖం ముందు ఆడించాడు. "ఇదిగో జిరాక్స్. బల్ల కింద దొరికింది. దీన్ల తండ్రి ఎటుపక్కనున్నడు? మనం చూస్తుంటే ఎడమకు. బొమ్మల? కుడికి. తల్లి అటుది ఇటొచ్చె. మందు పడ్డంక ఎడమేంది, కుడేంది!"

కాగితం లాక్కున్నాను. అసలు ఫొటో పాడవకుండా జోజి ముందు జిరాక్స్ తీయించి, దాని మీద స్కేలుతో నిలువుగా, అడ్డంగా గళ్ళు గీసుకుంటాడు. క్యాన్వాసు మీద అన్నే పెద్ద గళ్ళు గీస్తాడు. ఈ గడిలో ఉన్నది ఆ గడిలోకి. అలా ఒక్కో గడీ దింపుకుంటూ పోతే కొలత తప్పదు. గళ్ళకు పైన అంకెలు వేసి ఉన్నాయి.

"చిరంజీవీ, క్యాన్వాసు మీద అంకెలు చదువు."

"ఎందుకు?"

"చదవమంటున్నగా."

"ఒకటి, రెండు, మూడు... ఎనిమిది. ఎడమ నుంచి కుడికి. అయితేంది?"

"ఇప్పుడు జిరాక్స్ మీద."

అతడు కాగితం మీదికి వంగాడు. జిరాక్స్ మీద ఒకటో అంకె కుడిచివర ఉంది. అక్కడి నుంచి ఎడమకు రెండు, మూడు, నాలుగు, వరుస తప్పకుండా ఎనిమిది దాకా.

"తాగినోడు గీత వంకర గీస్తడు," అన్నాను. "ఎనిమిది అంకెలు ముత్యాల లెక్క వెనకనుంచి రాసుకోడు. కావాలనే తిప్పిండు. ఎందుకు తిప్పిండో చూద్దాం. కిషన్‌లాల్!"

కింది నుంచి కిషన్‌లాల్ మెడలో టేపుతోనే ఎక్కి వచ్చాడు. బక్కపలచటి మనిషి, అరవై ఏళ్ళుంటాయి. పోలీసును చూసి భయంగా గడప దగ్గరే ఆగాడు. జిరాక్స్ అతడి చేతికిచ్చి, తండ్రి తొడుక్కున్న చొక్కా ఎలా ఉందో చెప్పమన్నాను.

ముక్కుమీద అద్దాలు సర్దుకుని చూశాడు. భయం పోయి ముఖంలో వృత్తి కోపం వచ్చింది. "ఎవడు కుట్టిండు మేడం దీన్ని? జేబు కుడిపక్కకు పెట్టిండు! మళ్ళ మగోని చొక్కాకు ఆడోళ్ళ చొక్కా లెక్క గుండీలు పెట్టిండు. నలభై ఏండ్ల సంది కుడుతున్న, గిట్ల ఎన్నడు చూడలె."

"తల్లి పైట?"

"అది గూడ కుడి భుజం మీదికే ఉన్నది."

"బొమ్మల చూడు ఇప్పుడు."

కిషన్‌లాల్ క్యాన్వాసు వైపు తిరిగాడు. "బొమ్మల అన్ని సక్కగున్నయి. జేబు ఎడమకే, పైట ఎడమకే."

"తప్పు టైలర్‌ది కాదు," అన్నాను. "స్టూడియోవాడు నెగెటివ్‌ను తిరగేసి పెట్టి ఫొటో కడిగిండు. మనిషి అద్దంల కనవడ్డట్టు వచ్చింది. జోజి అది కనిపెట్టి సరిచేసిండు. చిరంజీవీ, తాగింది జోజి కాదు."

అతడి చెవులు ఎర్రబడ్డాయి. "అక్కా, ఊరందరిది ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నీకు మొదటి సంది ఉన్న రోగమే. ఫొటో తిరగబడితే ఏంది, బోర్లపడితే ఏంది? గొడవైంది నిజం. ఇరగ్గొడతనన్నది నిజం."

"జోజి పడింది నాలుగున్నర తర్వాత. రూప్‌సింగ్ పోయింది నాలుగింటికి."

"మళ్ళ తిరిగొచ్చిండేమో. కిషన్‌లాల్ నాలుగున్నర నుంచి షాపుల లేడు. పడింది నాలుగున్నర తర్వాతని నీకెవరు చెప్పిండ్రు?"

"కుంచెలు." కిటికీ దగ్గర పాత డాల్డా డబ్బాలో పదకొండు కుంచెలు, అన్నీ కడిగి, వెంట్రుకలు పైకి పెట్టి ఉన్నాయి. రంగుల పలక మీద తడి గుడ్డ కప్పి ఉంది. ఏంజెల్ వైపు చూశాను.

"వెలుగు ఉన్నంతసేపే వేస్తడు," అంది. "చలికాలం నాలుగున్నరకు బంద్. అప్పుడే కడుగుతడు."

"పని ముగించి, కుంచెలు కడిగి, పలక కప్పినంక ఎవరో వచ్చిండ్రు. వాళ్ళు చేసిన పని ఇక్కడ ఉన్నది." పిల్లవాడి బొమ్మ దగ్గర వంగాను. ఎడమచెయ్యి పచ్చి రంగుతో మెరుస్తోంది. కుడిచెయ్యి లేదు. మణికట్టు నుంచి కిందికి టర్పెంటైన్‌లో ముంచిన గుడ్డతో తుడిచేసి ఉంది. పక్కన సీసా మూత కూడా పెట్టలేదు.

"పెనుగులాటల అంటుకున్నది," అన్నాడు చిరంజీవి.

"తండ్రి మోకాలు చెక్కుచెదరలె. తల్లి కొంగు చెదరలె. పెనుగులాట అరచేతంత జాగనే ఎంచుకున్నదా?"

తుడిచినచోట రంగు పోయింది గానీ కింద పెన్సిల్ గీత మిగిలింది. భూతద్దం పెట్టి చూశాను. నాలుగు వేళ్ళు నిండుగా ఉన్నాయి. చిటికెన వేలు సగం దగ్గరే ఆగింది. జిరాక్స్ తీసి చూశాను. అందులో సగం వేలు ఎడమచేతికి ఉంది.

"ఏంజెల్, బొజ్జయ్యకు ఏ చెయ్యి?"

ఆ పిల్ల తన చేతులు రెండూ ఎత్తి చూసుకుని, ఒకటి దించింది. "ఎడమ."

ఫొటోలో ఎడమ అంటే అసలు పిల్లవాడికి కుడి. మూడేళ్ళ క్రితం తిరిగొచ్చినవాడు ఫొటోకు సరిపోయాడు. పిల్లవాడికి సరిపోలేదు.

చిరంజీవి తెలివిలేనివాడు కాదు, తొందర ఎక్కువ, అంతే. ముందుగా అతడే తేరుకున్నాడు. "అంటే వాడు దొంగ వారసుడా? నాగక్క పామాయిల్ తోట కోసం వచ్చిండా?"

"అడిగి చూస్త. అప్పటిదాంక రూప్‌సింగ్‌ను ఆపు."

"నువ్వు చెప్తే ఆపనీకి నేను నీ కింద పనిచేస్తలేను. నాలుగింటికి జీపు కదుల్తది. అంతలోపల మనిషిని తెస్తే తే. కథలు తేకు."

దిగుతుంటే ఆఖరి మెట్టు పక్కన మూలకు తోసేసిన ఒక గుడ్డ కనిపించింది. ఆకుపచ్చ పాత చీర ముక్క, ఎండిన రక్తంతో గట్టిపడి ఉంది.

"జోజి తల కింద ఉండె," అన్నాడు కిషన్‌లాల్. "ఎత్తేటప్పుడు నేనే పక్కకు పెట్టిన."

కర్రపుల్లతో తిప్పి చూశాను. మడిచిన గుడ్డ కాదది. గుండ్రంగా చుట్టి, చివర లోపలికి దోపి ఉంది. నెత్తిమీద బిందె, కట్టెలమోపు నిలబడడానికి ఆడవాళ్ళు పెట్టుకునే చుట్టకుదురు. తోసి పారిపోయేవాడు ఎవడూ పడ్డవాడి తలకు మెత్త పెట్టి పోడు. అది చూసినప్పుడే నాకు ఆలోచన రావలసింది. రాలేదు. మనసంతా దొంగ కొడుకు మీదే ఉంది. తర్వాత అందుకు నన్ను నేను చాలా తిట్టుకున్నాను.

"జోజి ఈ రెండు మూడు దినాలల్ల ఎవరికన్నా ఫోన్ చేసిండా?"

"బుధవారం మాపటికి చేసిండు. నా షాపుల రూపాయి బిళ్ళ డబ్బాకెల్లి. బొజ్జయ్య సెల్ నంబరుకే. కానీ ఎవరో ఆడామె ఎత్తినట్టున్నది. 'అమ్మా, అమ్మా' అనుకుంట మాట్లాడిండు."

ఆటో మాట్లాడుకుని బయల్దేరేసరికి పన్నెండు దాటింది.

ఇప్పలగుంపు చేరేసరికి ఒంటిగంట దాటింది. పామాయిల్ తోట అంచున రెండు గదుల పెంకుటిల్లు, పక్కనే గోడలు లేచిన కొత్త ఇల్లు. బొజ్జయ్య తడిమట్టి చేతులతో ఎదురొచ్చాడు. పాతికేళ్ళ లోపు మనిషి, నల్లగా, గట్టిగా ఉన్నాడు. నేనెవరో, ఎందుకొచ్చానో చెప్పగానే అతడు మొదట అడిగింది ఫొటో గురించి కాదు.

"జోజన్న కండ్లు తెరిచిండా మేడం?"

"లేదు. గురువారం సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాంక నువ్వు ఎక్కడున్నవ్?"

"తోటల. గెలల లోడు. మూడింటికి లారీ వచ్చింది, ఏడింటికి పోయింది. పన్నెండు మందిమి ఎత్తినం. డ్రైవర్ నంబరు ఇయ్యమంటారా?"

ఇచ్చాడు. అక్కడే నిలబడి నా సెల్‌ఫోన్‌తో చేశాను. డ్రైవరు విసుక్కుంటూనే చెప్పాడు. బొజ్జయ్య మధ్యలో ఒక్కసారి కూడా తోట దాటలేదట, చివరి గెల అతడే ఎక్కించాడట. నేను చండ్రుగొండ నుంచి మోసుకొచ్చిన కేసు ఆ ఒక్క ఫోనుతో కూలిపోయింది.

"నీ వేలు ఎట్ల తెగింది?"

ఎడమచెయ్యి చాపి చూశాడు. "ఎర్కలేదు మేడం. నన్ను కూనవరం కాడ పడవోళ్ళు తీసిండ్రట. పడవ తాడు చేతికి చుట్టుకొని ఉన్నదట. అప్పటికే తెగి ఉండెనో, తాడు కోసిందో వాళ్ళకు తెల్వదు. పేరు గూడ నాకు చెప్పరాలేదట. వాళ్ళే సాదిండ్రు. మూడేండ్ల కింద భద్రాచలంల ఒకాయన ఈ చెయ్యి చూసి, నాగక్క కొడుకుకు గట్లనే ఉండె అని ఇటు తోలిండు."

అబద్ధం చెప్పేవాళ్ళను ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను. వాళ్ళు కథను నున్నగా చెబుతారు. ఇతడు తెలియని చోట తెలియదన్నాడు. వీడు దొంగ వారసుడు కాదు. తాను ఎవరో తనకే తెలియని మనిషి. వీడికి నిజం చెప్పవలసింది నేనేనా?

లోపలి నుంచి నాగక్క వచ్చింది. యాభై దాటిన మనిషి, నడుం ఇంకా నిటారుగానే ఉంది. చెంబుతో నీళ్ళిచ్చి, "బొజ్జీ, మేడంకు చాయ్ పెడత, పాలు తేపో," అంది. అతడు వెళ్ళాడు.

నీళ్ళు తాగుతూ చుట్టూ చూశాను. గోడమీద ఖాళీ మేకు. మూలలో వడ్లు పోసిన వెదురు గుమ్మి. దాని పక్కన బోర్లించిన బిందె, బిందె మీద చుట్టకుదురు. ఆకుపచ్చ చీర ముక్క, చివర లోపలికి దోపి ఉంది.

చెంబు కింద పెట్టాను.

"అవ్వా, గురువారం ఎన్ని గంటల బస్సుకు పోయినవ్?"

నాగక్క నా చూపు ఎటుందో చూసింది. ఏడుస్తుందనుకున్నాను, బొంకుతుందనుకున్నాను. నా ఎదురుగా కింద కూర్చుంది.

"ఆయన బతుకుతడా బిడ్డా?"

"తెల్వదు. డాక్టర్లు ఏం చెప్తలేరు."

"నాలుగింటి బస్సుకు పోయిన," అంది. "బుధవారం ఫోన్ చేసిండు ఆయన. బొజ్జి తానం చేస్తుండె, నేనెత్తిన. అమ్మా, ఫొటో తిరగబడ్డది, నేను సక్కజేసి గీస్తున్న, వేలు కుడిచేతికి వస్తున్నది, మీ కొడుకును ఒకసారి తోలియ్యండి, చూసి దిద్దుత అన్నడు. నా గుండె జారిపోయింది."

"ఫొటో తిరగబడ్డ సంగతి నీకు ముందే తెలుసా?"

"తెల్వకేమాయె? ఫొటో చేతికొచ్చిన దినమే మా ఆయన గోపాలు నవ్విండు, జేబు అటు పోయిందేందే అని. తిరిగిచ్చి మళ్ళ కడిగించుకుందామనుకున్నం. వారానికే గోదారొచ్చె. స్టూడియో పోయె, ఇల్లు పోయె, రైకల దాసుకున్న ఆ ఫొటో ఒక్కటే మిగిలె."

"మరి మూడేండ్ల కింద ఈ పిల్లగాడు వచ్చినప్పుడు..."

"వాని చెయ్యి చూసిన కాడికే నాకు ఎర్కైంది, నా బొజ్జయ్య కాదని." ఆమె తన కుడిచేతిని ఒళ్ళో తెరిచి పెట్టుకుంది. "ఏ చెయ్యో నేను మర్చిపోతనా బిడ్డా? నడుం లోతు నీళ్ళల్ల నా కొడుకు కుడిచెయ్యి పట్టుకొని నడుస్తున్న. దుంగ వచ్చి తగిలింది. చెయ్యి జారింది. ఆఖరికి నా చేతిల మిగిలింది ఆ మొండి వేలే. అదీ జారింది. ఇరవై ఏండ్ల సంది పొద్దున లేస్తే అదే తగుల్తది నాకు."

చెంబులో మిగిలిన నీళ్ళు ఆమె ముందుకు జరిపాను.

"పెద్దమనుషులు ఫొటో పక్కన పెట్టి చూసి, నీ కొడుకేనే నాగక్కా అన్నరు. ఈడు నా ముఖం దిక్కు చూస్తున్నడు. ఔనంటనో కాదంటనో అని. కాదని ఎట్లనాలె? వానికి తల్లి లేదు. నాకు కొడుకు లేడు. ఊకున్న. గంతే నేను చేసిన తప్పు."

"గురువారం ఏమైంది?"

"ఫొటోల ఎట్లున్నదో అట్లనే గీయమని కాళ్ళు పట్టుకున్న. ఎందుకని అడిగిండు. చెప్పలేకపోయిన. తప్పని ఎర్కైనంక తప్పు గీయ, చేతికి పాపం తగుల్తదన్నడు. గుడ్డ తీస్కొని నేనే తుడిచేసిన. ఆయనకు కోపమొచ్చింది. ఇప్పుడే నీ కొడుక్కు ఫోన్ చేసి అడుగుత అని ఫొటో తీస్కొని మెట్లు దిగుతుండు. ఎనక నుంచి ఫొటో గుంజిన. నేను తోయలే బిడ్డా. గుంజిన. ఆయన నా దిక్కు తిరిగిండు, పట్టు జారి ఎనకకు పడ్డడు."

"తల కింద కుదురు పెట్టి వచ్చేసినవ్."

"పిలిచిన. పలకలె. షాపుల ఎవరు లేరు. సచ్చిపోయిండనుకున్న." ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. "ఐదుంబావు బస్సుల వచ్చేసిన. అన్నం వండిన. వానికి పెట్టిన."

నాకు కోపం వచ్చింది. ఆమె మీదనో, గోదారి మీదనో, ఇరవై ఏళ్ళ క్రితం నెగెటివ్ తిరగేసిన ఆ స్టూడియోవాడి మీదనో తెలియదు. "నీ బదులు ఒకడు లాకప్పుల ఉన్నడు. ముగ్గురు పిల్లల తండ్రి. నాలుగింటికి జైలుకు తీస్కపోతున్నరు. అది ఎర్కేనా?"

ఆమెకు ఆ సంగతి తెలియదు. "అయ్యో," అని ఒక్కసారే అంది. వెంటనే లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "పా బిడ్డా. నేనొస్త. అన్నీ ఒప్పుకుంట. ఒక్కటే అడుగుత. ఎందుకు చేసిననో మాత్రం వానికి చెప్పకు. బొమ్మ పైసల కాడ మాట పెరిగిందని రాయించు. ఈ తల్లి గూడ తనది కాదని ఎర్కైతే వాడు ఉండడు. పడవోళ్ళు సచ్చిపోయిండ్రు. ఎటు పోతడు వాడు?"

చిరంజీవి జిరాక్స్ చూశాడు, కోర్టులో కారణం అడుగుతారు, నిజం ఎన్నాళ్ళు దాగుతుంది? అయినా ఆ ముఖం చూసి కాదనలేకపోయాను. "ముందు ఫొటో ఇయ్యి," అన్నాను. "టైం రెండైంది."

నాగక్క గుమ్మి దగ్గరకు వెళ్ళి వడ్లలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టింది. వెతికింది. ఇంకో పక్క పెట్టింది. వడ్లు కింద ఒలికాయి. ఆ చెయ్యి అలాగే ఆగిపోయింది.

"లేదు," అంది. "ఈడనే పెట్టిన. లేదు."

"నా కాడున్నదే అమ్మా."

గడపలో బొజ్జయ్య నిలబడి ఉన్నాడు. చేతిలో పాలగిన్నె ఖాళీగా ఉంది. అతడు పాలకు వెళ్ళనే లేదు.

గిన్నె కిందపెట్టి, చొక్కా ఎడమ జేబులోంచి ఫొటో తీశాడు. మూలలకు వడ్ల దుమ్ము అంటుకుని ఉంది. "నిన్న పొద్దున కోడికి గింజలెయ్యనీకి చెయ్యి పెడితే తగిలింది. జోజన్న కాడ ఉండాల్సింది ఈడెందుకున్నదా అని చూసిన. నాయిన జేబు చూసిన. మళ్ళ నా జేబు చూసుకున్న."

నాగక్క గోడకు ఆనుకుని కూలబడింది. అతడు వచ్చి ఆమె పక్కనే కూర్చుని, వడ్లు అంటిన ఆమె చేతిని తన ఎడమచేత్తో తుడిచాడు. నిన్న పొద్దున నుంచి తెలుసు. తెలిసే ఇల్లు కట్టాడు, తెలిసే ఆమె పెట్టిన అన్నం తిన్నాడు.

ఫొటో నా చేతికిచ్చాడు.

"మేడం, ఆటో ఆపే ఉంచిండ్రా? నేను గూడ వస్త," అన్నాడు. "స్టేషన్ల ఆమె ఎంట ఎవరొచ్చిండ్రని రాసుకుంటరు గద?"

"రాసుకుంటరు."

"కొడుకు అని రాయమనండి."